అమ్మకం లేని ఊరు పెంగ్లిపురాన్

ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో సముద్రతీరం లేని జిల్లా ఒక్కటే ఉంది. అది బంగ్లి. ఆ జిల్లా కేంద్రానికి ఐదు కిలోమీటర్ల దూరంలో, కింతామణి కొండలకు ఎక్కే వైపున పెంగ్లిపురాన్ అనే చిన్న ఊరుంది. సముద్రమట్టానికి ఆరేడు వందల మీటర్ల ఎత్తు కావడంతో తీరప్రాంతపు ఉక్కపోత ఇక్కడ ఉండదు. ఊరి విస్తీర్ణం 112 హెక్టార్లు, మన లెక్కలో సుమారు 277 ఎకరాలు. అందులో 45 హెక్టార్లు వెదురు అడవే. మిగిలినదాంట్లో ఎక్కువభాగం మెట్టపొలాలు. జనం కాపురముండే జాగా కొద్దిపాటిదే. ఆ కాస్త జాగాలో ఒకే ఒక్క పెద్దవీధి, దానికి అటూ ఇటూ కలిపి 76 ఇంటి స్థలాలు, వెయ్యిమందికి పైగా జనం.

ఈ 76 పెరగదు, తరగదు. ఒక స్థలాన్ని రెండుగా చీల్చి అమ్ముకునే వీల్లేదు. పక్కవాడిది కొని కలుపుకునే వీలూ లేదు. ఇంటి స్థలం ఊరి సొంతం. కాపురమున్న కుటుంబానికి దాని మీద ఉన్నది అనుభవ హక్కు మాత్రమే. పర్యాటక ప్రపంచంలో పెంగ్లిపురాన్‌కు పెద్ద పేరే ఉంది. లోకంలోని అతి శుభ్రమైన ఊళ్లలో ఒకటని పత్రికలు రాస్తుంటాయి. పర్యావరణాన్ని కాపాడినందుకు ఇండోనేషియా ప్రభుత్వం ఇచ్చే కల్పతరు పురస్కారం 1995లో ఈ ఊరికి దక్కింది. 2023లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ప్రకటించిన ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలోనూ చోటు దొరికింది. చూడవచ్చినవాళ్లు ఆ శుభ్రతనూ, ఒకే వరసలో నిలిచిన గుమ్మాలనూ మెచ్చుకుని వెళ్తారు. ఆ రెంటినీ ఇన్నేళ్లుగా నిలబెట్టింది మాత్రం భూమి విషయంలో ఊరు పెట్టుకున్న కట్టుబాటు. ఇక్కడి బతుకు తీరు, ఆస్తి లెక్కలు, బయటివాళ్లకు దొరికే చోటు అన్నీ ఆ కట్టుబాటు చుట్టూనే తిరుగుతాయి.

కొండ వైపు, సముద్రం వైపు

ఊరివాళ్ల పూర్వీకులు కింతామణి కొండల్లోని బయుంగ్ గెడె అనే గ్రామం నుంచి వచ్చారని తరతరాలుగా చెప్పుకుంటారు. బంగ్లి రాజుల కొలువులో పనిచేసిన కుటుంబాలకు రాజులు ఇక్కడ చోటిచ్చారన్నది ఆ కథనం. బయుంగ్ గెడె బాలిలోని పాత కొండగ్రామాల్లో ఒకటి. జావా నుంచి మజపహిత్ రాజ్య ప్రభావం రాకముందు నాటి ఆచారాలు కొన్ని అలాంటి ఊళ్లలో మిగిలిపోయాయి. వాటి జాడలు పెంగ్లిపురాన్‌లోనూ ఉన్నాయి. బాలి హిందువులు మామూలుగా చనిపోయినవారిని దహనం చేస్తారు. ఈ ఊళ్లో పాతిపెడతారు. అంత్యక్రియల తంతులన్నీ దహనం లేకుండానే జరిగిపోతాయి.

పెద్దవీధి ఉత్తరం నుంచి దక్షిణానికి మెట్లు మెట్లుగా దిగుతుంది. పై కొసన ఊరి ప్రధాన ఆలయం పురా పెనతరన్, కింది కొసకు శ్మశానం. బాలివాళ్లు దిక్కుల్ని కొండను బట్టీ, సముద్రాన్ని బట్టీ చూస్తారు. కొండ వైపు దేవతలది, సముద్రం వైపు అందుకు దిగువది. ఈ లెక్కనే ఊరంతటినీ మూడు మండలాలుగా విభజించారు. పైది ఉత్తమ మండలం, అక్కడ గుళ్లు. నడిమిది మధ్య మండలం, అక్కడ మనుషులు. దిగువన ఉన్నది నిస్త మండలం, శ్మశానం దాని పాలు. ప్రతి ఇంటి ఆవరణలోనూ ఇదే అమరిక చిన్నదిగా మళ్లీ కనబడుతుంది. ఈశాన్య మూల కుటుంబ దేవాలయం, దాన్ని సంగ్గా అంటారు. నడుమ వంటిల్లు, పడక, శుభకార్యాలకు వాడే అరుగుమండపం. వెనక పశువులు, చెట్లు, పెరడు.

వీధి వైపున్న గుమ్మాన్ని అంగ్‌కుల్ అంగ్‌కుల్ అంటారు. ఒక మనిషి పట్టేంత సన్నటి దారి, ఇరువైపులా గోడలు, పైన వెదురు బద్దలను పెంకుల్లా పేర్చిన కప్పు. డెబ్బయ్యారు ఇళ్లకూ ఇదే తీరు. ఉన్నవాడి గుమ్మం, లేనివాడి గుమ్మం అన్న తేడా వీధిలో నిలబడి చూసేవాడికి తెలియదు. పాత వంటింటి గోడలు కూడా వెదురువే. కట్టెల పొయ్యి పొగ పట్టిన వెదురుకు పురుగు తొందరగా అంటదు. పక్కపక్క ఇళ్ల మధ్య గోడల్లో చిన్న దారులు వదిలారు. వీధిలోకి రాకుండానే ఒక ఇంట్లోంచి మరో ఇంట్లోకి పోవచ్చు. పెద్దవీధిలో బండ్లకు ప్రవేశం లేదు. ఊరివాళ్ల స్కూటర్లు, కార్లు ఇళ్ల వెనకదారిన వస్తాయి, వెనకే ఆగుతాయి.

వెదురు అడవిని పూర్వీకులు నాటారని ఊరివాళ్ల నమ్మకం. అడవి మొత్తం ఊరి అదుపులోనే ఉంటుంది. ఇంటి కప్పుకో, పూజకో బొంగులు కావాలంటే పెద్దల అనుమతి తీసుకుని నరకాలి. అనుమతి లేకుండా కత్తి పెట్టడం తప్పు. వాలు నేలలో మట్టి కొట్టుకుపోకుండా, ఊటలు ఎండిపోకుండా కాపాడేదీ ఈ అడవే. కల్పతరు పురస్కారం రావడానికి ఇదే ప్రధాన కారణం. అడవి, వీధి రెండు వేర్వేరు వింతలన్నట్టు చూసిపోతుంటారు చాలామంది. నిజానికి అడవి లేకపోతే ఆ గుమ్మాల మీద కప్పే ఉండదు.

పన్నెండుమంది పెద్దలు, రెండు ప్రభుత్వాలు

బాలిలో ప్రతి హిందువూ ఏకకాలంలో రెండు రకాల గ్రామాలకు చెందుతాడు. ఒకటి ఇండోనేషియా ప్రభుత్వపు పాలనా గ్రామం. గుర్తింపు కార్డు, పన్ను, జనన మరణాల నమోదు దాని పని. రెండోది ఆచార గ్రామం, స్థానికంగా దేసా అదాత్. గుళ్లు, కర్మకాండ, ఊరి భూమి, కట్టుబాట్లు దాని పరిధి. ద్వీపం మొత్తం మీద దాదాపు 1500 ఆచార గ్రామాలున్నాయి. బాలి రాష్ట్ర ప్రభుత్వం 2019లో చేసిన 4వ నంబరు చట్టం వీటి అధికారాలను రాతపూర్వకంగా ఖాయం చేసింది. పెంగ్లిపురాన్ పాలనాపరంగా కుబు అనే పెద్ద గ్రామంలో ఒక భాగం మాత్రమే. ఆచారపరంగా చూస్తే తనకు తాను పూర్తి ఊరు.

ఆచార గ్రామానికి ఎన్నికైన పెద్ద ఒకరుంటారు. ఆయనతోపాటు పన్నెండుమంది వృద్ధుల మండలి ఉంటుంది. ఆ పన్నెండుమందిని ఆరు జంటలుగా, కుడి ఎడమలుగా అమర్చి, ఒక్కో జంటకు ఒక్కో పేరు, గుళ్లో ఒక్కో బాధ్యత ఇస్తారు. ఈ స్థానాలు ఊరి సభ్యత్వంలో చేరిన వరసను బట్టి వస్తాయి. డబ్బు, చదువు, ఉద్యోగం ఇక్కడ పనికిరావు. కట్టుబాట్లన్నీ అవిగ్ అవిగ్ అనే రాతప్రతిలో ఉంటాయి. సభలో కూర్చుని అందరూ ఒప్పుకున్నాకే వాటిని మారుస్తారు.

ఈ కట్టుబాట్లలో బయటివాళ్లు ఎక్కువగా చెప్పుకునేది బహుభార్యాత్వం మీద నిషేధం. ఊరి దక్షిణాన ఒక ఖాళీ జాగా ఉంది. పేరు కరంగ్ మెమదు. భార్య ఉండగా మరో స్త్రీని చేసుకున్న మగవాడు ఊరు వదిలి ఆ జాగాలో ఉండాలి. గుడిసె ఊరివాళ్లే వేసిస్తారు. అక్కడున్న మనిషికి గుళ్లో ప్రవేశం ఉండదు, ఊరి పెద్దదారుల్లో నడిచే వీలుండదు. ఆ స్థలం అపవిత్రమని భావించి అందులో ఎవరూ పంట కూడా వేయరు. ఇంతవరకు ఎవరూ అక్కడ కాపురం పెట్టలేదని ఊరివాళ్లు గర్వంగా చెబుతారు. ఖాళీగా పడివున్న ఒక జాగా ఇన్ని తరాల కాపురాలను కాపాడుతూ వచ్చిందంటే, శిక్ష వేయడం కన్నా దాని జాడను కళ్లెదుట ఉంచడమే ఎక్కువ పనిచేసిందని ఒప్పుకోవాలి.

రోజు ఎలా గడుస్తుంది

తెల్లవారుతూనే ఆడవాళ్లు గుమ్మం ముందు ఊడ్చి, కొబ్బరాకు దొన్నెలో పూలు, కాస్త అన్నం పెట్టి, అగరుబత్తి వెలిగించి గుమ్మం దగ్గర, పొయ్యి దగ్గర, సంగ్గాలో ఉంచుతారు. ఇది ప్రతిరోజూ చేసేదే. దీనికి పైన కుటుంబ గుడి తిరునాళ్లు, ఊరి గుళ్ల తిరునాళ్లు. బాలి పంచాంగాల్లో ఒకటి 210 రోజులకు తిరిగివస్తుంది. చాలా గుళ్ల వార్షికోత్సవాలు ఆ లెక్కనే వస్తాయి కాబట్టి పండగలకు కొదవ ఉండదు. గలుంగన్ పండగ కూడా 210 రోజులకోసారి వస్తుంది. పది రోజుల తర్వాత కునింగన్. ఆ రోజుల్లో ప్రతి గుమ్మం ముందూ వంగిన పొడవాటి వెదురు గడ నాటి, కొబ్బరాకులతో, ధాన్యపు కంకులతో అలంకరిస్తారు. డెబ్బయ్యారు గడలూ వీధి మీదికి వంగి నిలబడ్డప్పుడు ఊరు చూడాలి.

ఊరి పాత జీవనాధారం వ్యవసాయం, వెదురు అల్లకం. ఈ ఎత్తులో చిలగడదుంప, మొక్కజొన్న, కర్రపెండలం, కాఫీ, కమలా పండుతాయి. ఇంటి వెనక పందులు, కోళ్లు, ఆవులు ఉండేవి. కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పుడు చాలా కుటుంబాల్లో ఒకరు ప్రభుత్వోద్యోగమో, బాలి రాజధాని దెన్‌పసార్‌లో హోటల్ పనో చేస్తుంటే మరొకరు ఇంట్లోనే చిన్న కొట్టు పెట్టుకుని వచ్చేపోయేవాళ్లకు తినుబండారాలు అమ్ముతారు. ఊరికి ప్రత్యేకమైన పానీయం లొలొ చెంచెం. అంబాళం జాతికి చెందిన చెట్టు ఆకులు నూరి, చింతపండు, ఉప్పు, బెల్లం కలిపి చేస్తారు. పుల్లగా, వగరుగా, కాస్త కారంగా ఉంటుంది. బియ్యప్పిండి ఉండల్లో తాటిబెల్లం దాచి, ఉడికించి, కొబ్బరి కోరులో దొర్లించే క్లెపొన్ కూడా దాదాపు ప్రతి కొట్లోనూ దొరుకుతుంది. మన ఉండ్రాళ్లకు దగ్గరి చుట్టమే, కాకపోతే కొరకగానే లోపలి బెల్లం పాకం చిమ్ముతుంది.

చెత్త విషయంలో ఊరి పట్టుదల గట్టిది. వీధి పొడవునా కొద్దికొద్ది దూరంలో బుట్టలుంటాయి. ఆకులు అలములు ఎరువుకు పోతాయి. ప్లాస్టిక్, సీసాలు వేరుచేసి అమ్ముతారు. ఈ పని ఎక్కువగా ఆడవాళ్ల సంఘం చేతుల మీదుగా సాగుతుంది. పొగ తాగడానికి వేరే చోట్లు కేటాయించారు. ప్లాస్టిక్ సంచులు, స్ట్రాలు, థర్మాకోల్ వాడకాన్ని బాలి రాష్ట్రం 2018లోనే నిషేధించింది. ఆ నిషేధం కాగితం మీదే మిగలకుండా అమలైన చోట్లలో పెంగ్లిపురాన్ ఒకటి.

డబ్బు అవసరాలకు ఊరి సొంత పరపతి సంఘం ఉంటుంది. ఆచార గ్రామాల చేతుల్లో నడిచే ఈ సంఘాలను బాలిలో 1984లో, ఇదా బాగుస్ మంత్ర గవర్నరుగా ఉన్నప్పుడు మొదలుపెట్టారు. ఊరివాళ్ల పొదుపు ఊరివాళ్లకే అప్పుగా వెళ్తుంది. లాభంలో కొంత గుళ్ల ఖర్చులకు పోతుంది.

భూమి ఎవరిది?

బాలి ఆచార గ్రామాల్లో ఊరి భూమి రకరకాలు. గుడి నిర్వహణ కోసం వదిలినది ఒకటి. ఇళ్ల కోసం ఊరు ఇచ్చిన స్థలం మరొకటి. సాగుకిచ్చిన పొలం ఇంకొకటి. శ్మశానం, సంత, అడవి లాంటి ఉమ్మడి ఆస్తులు వేరే. ఇంటి స్థలం పొందిన కుటుంబ పెద్దను పెంగారెప్ అంటారు. పెంగ్లిపురాన్‌లో స్థలాలు 76 కాబట్టి పెంగారెప్‌లూ 76 మందే. స్థలంతోపాటు బాధ్యత వస్తుంది. దాన్ని అయహన్ అంటారు. గుడి ఉత్సవానికి పని చేయాలి, వంతు ప్రకారం బియ్యం, కొబ్బరికాయలు, వెదురు ఇవ్వాలి, సభలకు రావాలి, ఎవరింట్లో చావొచ్చినా నిలబడాలి. మన వెట్టిలా ఒకరి కోసం మరొకరు చేసే చాకిరీ ఇది కాదు; ఊరి గుడి కోసం, ఊరి చావుబతుకుల కోసం అందరూ వంతులు వేసుకుని చేస్తారు. అయహన్ చేయడం మానేస్తే స్థలం మీద హక్కు కూడా నిలవదు. వంశం అంతరిస్తే స్థలం తిరిగి ఊరికి చేరుతుంది.

స్థలాలు 76, కుటుంబాలు మాత్రం అంతకు మూడింతలు దాటాయి. పెళ్లయిన తమ్ముళ్లు, వాళ్ల పిల్లలు అదే ఆవరణలో గదులు వేసుకుని ఉంటారు. వీళ్లకు పెంగారెప్‌తో సమానమైన బాధ్యతలుండవు, సమానమైన హోదా కూడా ఉండదు. గుమ్మం, పాత వంటిల్లు, అరుగుమండపం పాత పద్ధతిలోనే ఉంచాలన్న నియమం వల్ల కొత్త గదులన్నీ లోపలి జాగాలోనే ఇరుక్కుంటున్నాయి. బయటినుంచి చూస్తే మారనట్టుండే ఇల్లు లోపల సిమెంటు గోడలతో, రేకులతో నిండిపోయిన సందర్భాలున్నాయి. వెదురు కప్పు కొన్నేళ్లకోసారి మార్చాలి, ఖర్చు కూడా బాగా పెరిగింది. ఊరి కట్టుబాటు మోయాల్సిన నిజమైన బరువు ఇదే. పొగడ్తల్లో ఈ ఇరుకు సంగతి రాదు.

బాలి వారసత్వం తండ్రి వైపు నుంచి నడుస్తుంది. కొడుకుకు ఆస్తి వస్తుంది. ఆస్తితోపాటు తల్లిదండ్రుల్ని చూసుకోవడం, కుటుంబ గుడిని నడపడం, ఊరికి అయహన్ చేయడం కూడా వస్తాయి. పెళ్లయి వెళ్లిన కూతురు భర్త కుటుంబ గుడికి చెందుతుంది కాబట్టి పుట్టింటి ఆస్తిలో భాగం లేదని పాత ఆచారం. కొడుకులు లేని ఇంట్లో కూతుర్ని వారసురాలిగా నిలిపి, అల్లుణ్ని ఇంటికి తెచ్చుకుంటారు. తెలుగువాళ్లకు ఇల్లరికం అంటే వేరే వివరించనక్కర్లేదు. బాలిలో ఆ అల్లుడు ఆచారం దృష్టిలో కోడలి స్థానంలోకి వస్తాడు, కూతురు కొడుకు స్థానంలోకి. 2010లో బాలి ఆచార గ్రామాల మహాసభ కూతుళ్ల విషయంలో ఒక అడుగు ముందుకు వేసింది. తల్లిదండ్రులు సంపాదించిన ఆస్తిలో కూతురికి కొడుకు వాటాలో సగం ఇవ్వవచ్చని తీర్మానించింది. ఊరి స్థలానికి మాత్రం ఇది వర్తించదు, అది అసలు పంచుకునే ఆస్తే కాదు కాబట్టి.

దేశపు చట్టం కూడా ఈ ఏర్పాటును గుర్తిస్తుంది. ఇండోనేషియా 1960 సెప్టెంబరు 24న తెచ్చిన మౌలిక భూచట్టం డచ్చివాళ్లు 1870లో పెట్టిన భూచట్టాన్ని రద్దు చేసి, దేశపు భూమి చట్టానికి ఆచార న్యాయమే పునాది అని ప్రకటించింది. ఊరు అనేది ఒక చట్టపరమైన యజమాని కాగలదా అన్న చిక్కు మాత్రం చాలాకాలం ఉండిపోయింది. ఊరి భూమిని వ్యక్తుల పేర పత్రాలు చేయిస్తే రేపు అమ్ముడుపోతుందన్న భయం ఊళ్లలో ఉండేది. 2017 అక్టోబరులో భూ మంత్రిత్వ శాఖ బాలి ఆచార గ్రామాలు తమ పేరు మీదే ఉమ్మడి భూమికి పట్టా పొందవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. పట్టా ఊరి పేరున వస్తే ఏ ఒక్క కుటుంబమూ దాన్ని తాకట్టు పెట్టలేదు, అమ్మలేదు.

బయటివాళ్లు కొనగలరా?

పెంగ్లిపురాన్‌లో కొనలేరు. విదేశీయులే కాదు, పక్క ఊరి బాలివాడు కూడా కొనలేడు. ఇలాంటి ఊళ్లను దాటి బాలిలోని మిగతా చోట్ల, పట్టా ఉన్న సొంత భూముల విషయానికొస్తే పరిస్థితి వేరు. ఉబుద్ చుట్టుపక్కల, చంగు తీరంలో, తబనాన్ వరిపొలాల అంచుల్లో విల్లాలు లేచాయి. రియల్ ఎస్టేట్ మనుషులు అక్కడ భూమిని అరెల లెక్కన చెబుతారు. ఒక అరె వంద చదరపు మీటర్లు, మన దగ్గర రెండున్నర సెంట్లకు కాస్త తక్కువ.

చట్టం ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు, అంటే హక్ మిలిక్, ఇండోనేషియా పౌరులకే దక్కుతుంది. విదేశీయుడికి వారసత్వంగా వచ్చినా ఏడాదిలోగా వదులుకోవాలి. తగిన ఇమిగ్రేషన్ పత్రాలున్న విదేశీయుడు హక్ పకాయ్ అనే వినియోగ హక్కు మీద ఇల్లు తీసుకోవచ్చు. 2021 నిబంధనల ప్రకారం అది మొదట 30 ఏళ్లకు, తర్వాత 20 ఏళ్ల పొడిగింపుకు, ఆపై మరో 30 ఏళ్ల పునరుద్ధరణకు వీలైన హక్కు. ఇంటికి కనీస ధర కూడా ప్రభుత్వమే నిర్ణయించింది. బాలిలో అది సామాన్యుడి అందుబాటుకు చాలా దూరం. విదేశీ పెట్టుబడితో కంపెనీ పెట్టినవాళ్లకు భవన నిర్మాణ హక్కు దొరుకుతుంది. ఇవేవీ కాకుండా ఎక్కువమంది పట్టే దారి కౌలు. పాతిక, ముప్ఫయ్యేళ్లకు మొత్తం అద్దె ముందే చెల్లించి తీసుకుంటారు. గడువు తీరాక కట్టిన ఇల్లు సహా భూమి యజమానికే చేరుతుంది.

ఇక బినామీ బేరాలు. స్థానికుడి పేరు మీద పట్టా పెట్టి, వెనక విదేశీయుడు డబ్బు పెట్టడం బాలిలో చాలా ఏళ్లుగా నడుస్తోంది. 1960 చట్టంలోని 26వ సెక్షన్ దీన్ని నేరుగా ఎదుర్కొంటుంది. సొంత హక్కును విదేశీయుడికి చేరవేసే ఏ లావాదేవీ అయినా, అడ్డదారిన జరిగినదైనా సరే, చెల్లదు. భూమి ప్రభుత్వపరం అవుతుంది. చెల్లించిన డబ్బు వెనక్కి అడిగే హక్కు ఉండదు. ఎంత పకడ్బందీగా ఒప్పందాలు రాసుకున్నా ఈ సెక్షన్ ముందు అవి నిలవవు. అందమైన వరిపొలం చూసి మనసుపడి, విదేశంలో దాచుకున్న డబ్బంతా అలాంటి బేరంలో పోసినవాళ్లకు మిగిలేది స్నేహితుడి మాట మీద నమ్మకం ఒక్కటే.

విల్లాల వల్ల పొలాలు తగ్గిన ఊళ్లతో పోలిస్తే పెంగ్లిపురాన్ నేల చెక్కుచెదరలేదు. అమ్ముకునే వీలు లేకపోవడం ఊరివాళ్లకు నష్టమన్న వాదన ఉంది. ఒక్కసారిగా వచ్చే పెద్ద మొత్తం వాళ్లకు ఎప్పటికీ రాదు, స్థలం చూపి బ్యాంకు అప్పు తెచ్చుకోవడమూ కష్టమే. కానీ అమ్మినవాళ్ల పిల్లలు తమ తాతల నేలలో కాపలా ఉద్యోగాలు చేస్తున్న ఊళ్లు బాలిలో ఉన్నాయి. పెంగ్లిపురాన్ పిల్లలకు ఆ గతి పట్టలేదు. లాభనష్టాల తూకంలో ఇది చిన్న విషయం కాదు.

ఊరు చూడటానికి వచ్చేవాళ్లు

పెంగ్లిపురాన్‌ను బంగ్లి జిల్లా ప్రభుత్వం 1993లో పర్యాటక గ్రామంగా ప్రకటించింది. అంతకుముందు ఈ ఊళ్లో బయటివాళ్లకు ఎక్కువగా తెలిసిన చోటు వీధికి దిగువనున్న అమరవీరుల వనం. డచ్చి సేనలతో పోరాడి 1947 నవంబరు 20న ప్రాణాలు వదిలిన కెప్టెన్ అనక్ అగుంగ్ అనోం ముదిత, ఆయన సహచరుల స్మృతిలో దాన్ని కట్టారు. ఇప్పుడు పండగ సెలవుల్లో ఒక్కరోజే వేలమంది వస్తారు. టిక్కెట్టు డబ్బు ఊరికీ జిల్లా ప్రభుత్వానికీ మధ్య పంపకమవుతుంది. ఊరి వాటాతో గుళ్ల మరమ్మతులు, ఉత్సవాలు, శుభ్రత పనులు సాగుతాయి. పూర్వం ప్రతి కుటుంబమూ విడిగా చెల్లించుకునే వంతుల్లో కొంత భారం అలా తగ్గింది. ఇళ్ల ముందు కొట్లు వచ్చాయి. రద్దీ రోజుల్లో మాత్రం ఊరివాళ్లకు తమ వీధిలో తాము కాలుపెట్టే చోటు దొరకదు. గుమ్మం తెరిచి ఉంది కదా అని సరాసరి పడకగది దాకా వెళ్లిపోయే సందర్శకులూ ఉన్నారు. తెరిచిన గుమ్మం ఆహ్వానమే, కానీ లోపల ఉన్నది ఒక కుటుంబం. అడిగి అడుగుపెట్టడం, సంగ్గా మెట్లెక్కకుండా ఉండటం కనీస మర్యాద.

తెలుగు రాష్ట్రాలవాళ్లకు బాలి ప్రయాణం కొన్నేళ్ల కిందటితో పోలిస్తే సులువైంది. బెంగళూరు నుంచి దెన్‌పసార్‌కు 2024 మార్చిలో నేరు విమానాలు మొదలయ్యాయి. కౌలాలంపూర్, సింగపూర్ మీదుగా వెళ్లే దారి ఎప్పటినుంచో ఉంది. భారత పౌరులకు దిగాక వీసా దొరుకుతుంది. రుసుము 5 లక్షల ఇండోనేషియా రూపియా, 30 రోజుల గడువు, ఒకసారి మరో 30 రోజులు పొడిగించుకోవచ్చు. గడువు దాటితే రోజుకు 10 లక్షల రూపియా జరిమానా. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. 2024 ఫిబ్రవరి 14 నుంచి బాలికి వచ్చే ప్రతి విదేశీ సందర్శకుడూ 1,50,000 రూపియా పర్యాటక రుసుము వేరుగా చెల్లించాలి. ఊళ్లోకి ప్రవేశానికి ఇటీవలి లెక్కన విదేశీ పెద్దలకు 50,000 రూపియా, మన రూపాయల్లో మూడు వందల లోపు.

విమానాశ్రయం నుంచి ఊరు యాభై కిలోమీటర్లకు పైగా ఉంటుంది. రద్దీని బట్టి గంటన్నర నుంచి రెండు గంటలు. నమ్ముకోదగ్గ బస్సులు లేవు కాబట్టి డ్రైవరుతో సహా కారు మాట్లాడుకోవడమే మేలు. చాలామంది కింతామణిలోని బతుర్ అగ్నిపర్వతం, దాని కింది సరస్సు, బంగ్లి పట్టణంలోని ప్రాచీన కెహెన్ ఆలయంతో కలిపి ఒకే రోజులో చూసేస్తారు. ఊరు నిజంగా ఎలా ఉంటుందో తెలియాలంటే మాత్రం ఒక రాత్రి ఉండాలి. కొన్ని కుటుంబాలు తమ ఆవరణలోనే గదులు అద్దెకిస్తాయి. సాయంత్రం పర్యాటకుల బస్సులు వెళ్లిపోయాక అరుగుల మీద పిల్లలు ఆడుకుంటారు, పెద్దలు కబుర్లు చెప్పుకుంటారు. పొద్దున సందర్శకులు రాకముందు వెదురు అడవి దారిలో నడక బాగుంటుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొడి వాతావరణం. మిగతా నెలల్లో వానలు, జారే మెట్లు.

శాకాహారులు ముందే చెప్పుకోవాలి. బాలి వంటలో పందిమాంసం, పందికొవ్వు, రొయ్యల ముద్ద సర్వసాధారణం. కూర చూడటానికి ఆకుకూరలా ఉన్నా తాలింపులో రొయ్యల ముద్ద ఉండొచ్చు. సోయాతో చేసే తెంపె, తాహు, వేరుశనగ పచ్చడితో తినే కూరగాయల వంటకాలు అడిగితే విడిగా చేసిస్తారు. గుడి ఆవరణలోకి వెళ్లాలంటే నడుముకు లుంగీలాంటి గుడ్డ, దాని మీద పటకా తప్పనిసరి. నేల మీద పెట్టిన పూల దొన్నెల్ని దాటకూడదు. ఎడమచేత్తో ఇవ్వడం, తీసుకోవడం, పెద్దల తల తాకడం తప్పు.

ఏడాదిలో ఒక్కరోజు బాలి మొత్తం తలుపులు మూసుకుంటుంది. అది న్యెపి, శక సంవత్సరాది. తెలుగు పంచాంగాలు వాడే శాలివాహన శకమే బాలివాళ్లూ వాడతారు. 2023, 2026 సంవత్సరాల్లో న్యెపి, ఉగాది ఒకే రోజు వచ్చాయి. అధికమాసం లెక్క తేడా వల్ల 2024లో మాత్రం న్యెపి మార్చి 11న, ఉగాది ఏప్రిల్ 9న పడ్డాయి. న్యెపి నాడు నిప్పు రాజేయరు, పని చేయరు, బయటికి కదలరు, వినోదం ఉండదు. విమానాశ్రయం 24 గంటలు మూతపడుతుంది. 2018 నుంచి మొబైల్ ఇంటర్నెట్ కూడా ఆపేస్తున్నారు. ఊరి కాపలాదారులు వీధుల్లో తిరుగుతూ బయట కనిపించినవాళ్లను లోపలికి పంపిస్తారు. విదేశీ అతిథులకూ ఇదే నియమం. ఆ రోజు ఊళ్లో బస అనుకున్నవాళ్లు ముందురోజే చేరుకోవాలి, తర్వాతి రోజు ఉదయం దాకా ఆతిథ్యమిచ్చిన ఇంట్లోనే ఉండాలి.